సంపూర్ణ అజ్ఞాన ధ్రువపత్రం

మానవజాతి ఇంతవరకు తెలివిని కొలవడానికే పరీక్షలు పెట్టింది. తెలియకపోవడాన్ని సక్రమంగా, నిష్పక్షపాతంగా, రెండు ప్రతుల్లో కొలిచిన ఘనత మాత్రం విశ్వవిద్యాలయ సర్వజన సౌలభ్య సహాయ కేంద్రానిదే.

చూపులేని విద్యార్థి చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటారు. చేతిరాత బాగుండాలి, సబ్జెక్టు బొత్తిగా రాకూడదు అని కేంద్రం నియమం. "నాకేమీ రాదండీ" అని నోటితో అంటే చాలదు. (పరీక్షల ముందు ఆ మాట అననివాళ్లు ఎవరు?) అందుకని స్క్రైబ్‌గా వచ్చేవారికి అజ్ఞాన నిర్ధారణ పరీక్ష పెట్టారు. అందులో తప్పినవాళ్లు నెగ్గినట్టు, నెగ్గినవాళ్లు తప్పినట్టు.

ఈ ఏర్పాటు చక్కగా నడుస్తుండగా రేడియో వచ్చిపడింది. ఆ అమ్మాయి పుట్టుకతోనే చూపులేనిది. పాఠాలు ఫోన్‌లో విని, విన్నది విన్నట్టు గొంతెత్తి వల్లె వేస్తుంది కాబట్టి హాస్టల్లో ఆ పేరు స్థిరపడింది. చదువుతున్నది వికలాంగుల హక్కులు, చట్టాలు. ఇక రెండు పేపర్లే మిగిలాయి. అవి గట్టెక్కితే న్యాయసహాయ కార్యాలయంలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. గట్టెక్కకపోతే ఆ కుర్చీ మరొకరిది.

"సార్, స్క్రైబ్‌గా ఎవరిని తెచ్చుకోవాలో నా ఇష్టమని చట్టంలోనే ఉంది," అంది రేడియో, కేంద్రం డైరెక్టర్‌తో.

"చట్టం నీకు అంత బాగా తెలిస్తే పరీక్ష రాయడం ఎందుకమ్మా?" అన్నాడు డైరెక్టర్ దయగా. తర్వాత గుమస్తా వైపు తిరిగి, "పంపించవయ్యా మొదటివాళ్లని," అన్నాడు.

మొదట రేడియోతో ఒకే గదిలో ఉండే అమ్మాయి వచ్చింది. చదివేది కామర్స్, రాసిన జవాబులన్నీ ఒప్పు. ఆమెను తిప్పి పంపారు. హాస్టల్ వంటమనిషి వచ్చింది. ఆమె సెక్షన్ల నంబర్లతో సహా రాసింది. నోట్లో వేలు పెట్టినా కొరకలేని కాపలాదారు వచ్చి, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో బొమ్మ గీసి మరీ చూపించాడు.

"ఆ పిల్ల గొంతు ఆగితేగా సార్!" అన్నాడు దోషిలా తల దించుకుని. "ఏడాదంతా విన్నాను. వద్దనుకున్నా వచ్చేసింది."

హాస్టల్ హాస్టలంతా విద్యావంతమైపోయిందని కేంద్రం విచారం వ్యక్తం చేసింది.

చివరికి రేడియో తన ఊళ్లో బట్టలు కుట్టుకునే పిన్నిని బస్సెక్కించి రప్పించింది. రోజూ ఫోన్‌లో పాఠాలు అప్పజెప్పేది పిన్నికే, అదొక్కటే భయం.

"తెల్లకాగితం ఇచ్చేసి వచ్చెయ్ పిన్నీ. నీకు పుణ్యముంటుంది."

"అలాగేలేవే. నాకు ఆ మాత్రం తెలీదా?"

తెలియడమే వచ్చిన చిక్కు. మొదటి ప్రశ్న చూడగానే పిన్ని చెయ్యి ఆగలేదు. బయటికొచ్చి, "మరీ అంత తేలిక ప్రశ్న వదిలేస్తే నా పరువేం కావాలే!" అంది. రేడియో గోడకు ఆనుకుని కూలబడింది.

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది. ఎప్పుడూ జవాబులు దిద్దేది సబ్జెక్టు ప్రొఫెసర్; ఈసారి పిన్ని జవాబులు ముందుగా తానే చూసి డైరెక్టర్ మండిపడ్డాడు. స్క్రైబ్‌ని ఎంచుకునే హక్కు విద్యార్థిదేనట! దానికి పరీక్షలు పెట్టకూడదట! "ఇదంతా తప్పు!" అని గర్జించాడు.

"హమ్మయ్య! అయితే నాకేమీ రానట్టేగా బాబూ? నేనే స్క్రైబ్‌ని," అంది పిన్ని.

డైరెక్టర్ ఇరుకున పడ్డాడు. సరైన జవాబులు ఎలా ఉంటాయో లోకానికి చూపిస్తానని తానే కూర్చుని అదే ప్రశ్నపత్రం రాశాడు. రెండూ దిద్దమని ప్రొఫెసర్ దగ్గరికి పంపారు. పిన్నికి ఫస్ట్ క్లాసు వచ్చింది, అంటే తప్పింది. డైరెక్టర్‌కి సున్నా వచ్చింది.

కాపలాదారు కిటికీలోంచి తల పెట్టి చూశాడు.

వెతకబోయిన తీగ కాలికి తగిలిందని ముందుగా గ్రహించింది రేడియోనే. "సార్, మీ చేతిరాత బాగుంటుందా?" అంది సంతోషం పట్టలేక.

నియమం నియమమే. ఆ సాయంత్రమే గుమస్తా సంపూర్ణ అజ్ఞాన ధ్రువపత్రం తయారుచేశాడు. ఇచ్చే అధికారి, పుచ్చుకునే వ్యక్తి ఒకరే కావడంతో డైరెక్టర్ రెండు చోట్లా సంతకం పెట్టాడు.

మొదటి పేపర్ నాడు రేడియో చెబుతూపోయింది, డైరెక్టర్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తూపోయాడు. సహాయ కేంద్రాల బాధ్యతలేమిటన్న ప్రశ్నకు ఏకంగా అయిదు పేజీల జవాబు. మధ్యలో ఆయన కలం ఆగింది.

"ఇవన్నీ... కేంద్రం చెయ్యాల్సిన పనులా అమ్మా?"

"మీరు రాయండి సార్. పక్కమాటలు మాట్లాడకూడదు, నియమం."

ఆయన నోరు మూసుకుని రాశాడు. స్క్రైబ్‌ని ఎంచుకునే హక్కు విద్యార్థిదేనని స్వహస్తాలతో రాసి, రేడియో చెప్పినట్టే కింద గీత కూడా గీశాడు.

మర్నాడు గుమస్తా అభ్యంతరం లేవనెత్తాడు. పేపరంతా రాసిన మనిషికి సబ్జెక్టు వచ్చేసి ఉండొచ్చు కదా! రెండో పేపర్‌కి ముందు డైరెక్టర్ అజ్ఞానాన్ని మళ్లీ పరీక్షించాలి. ఇన్నాళ్లూ ఈయనకు కాస్త తెలిసొస్తే బాగుండునని కోరుకున్న రేడియో, ఇప్పుడు ఒక్క ముక్క కూడా బుర్రకెక్కకూడదని కనిపించని దేవుళ్లందరికీ మొక్కింది. పక్కన పిన్ని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తలుపు తెరిచి గుమస్తా కాగితం చదివాడు. "ప్రశ్న: స్క్రైబ్‌ని ఎంచుకునే హక్కు ఎవరిది? సార్ జవాబు: మా కేంద్రానిది."

మిగతావీ సున్నాలే. రేడియో పిన్నిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

ప్రతిసారీ పరీక్షించడం దండగని గుమస్తాకి అర్థమైంది. ధ్రువపత్రం తీసి, "పదవీ విరమణ వరకు చెల్లుతుంది" అని ముద్ర వేశాడు.