ఉబ్బని పడవ

ఆ శనివారం పొద్దున్న స్టిపాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త కాయక్‌కి, అంటే ఒక్కడే తెడ్డేసుకునే సన్న పడవకి, గాలపు కర్రలు నిలబెట్టే గొట్టాలు రెండు బిగించాలి. సాయంత్రం ఒంటరిగా సముద్రం మీదికి వెళ్ళి, ఒక్కటంటే ఒక్క చేప పట్టుకు రావాలి. మర్నాడు పునీత పేతురు పండగ. ఆ ద్వీపంలో పండగనాడు రేవు గట్టు మీద నిప్పులు పోసి, పెద్ద ఇనప జల్లెడ వేస్తారు. ప్రతి మగవాడూ తాను పట్టిన చేపను తన చేత్తో దాని మీద పెట్టాలి. కొన్నది పనికిరాదు.

స్టిపాన్ ఇల్లరికం వచ్చి తొమ్మిదేళ్ళయినా ఇంతవరకు అక్కడ ఏమీ పెట్టలేదు. అతను పుట్టింది సముద్రం కనిపించని కొండ ఊళ్ళో. శనివారాలు మామగారు ప్రోష్పర్ చెక్క పడవలో తెడ్లు వేసేది అతనే, గాలం పట్టేది మాత్రం మామగారు. "కొండోడికి గాలం ఇస్తే మేకని పడతాడు" అని ఆయన ఎప్పుడో అన్న మాట రేవంతా ఇంకా వాడుకలో ఉంది. అందుకే ఈసారి లోపల బోలుగా, పైన మూసి ఉండే నారింజ రంగు ప్లాస్టిక్ కాయక్ ఒకటి కొనుక్కున్నాడు.

పని ఇంటి వెనక చేసుకుంటే పోయేది. గట్టు మీద మొదలుపెట్టాడు. ఆ రేవులో మనిషి బూటు తాడు కట్టుకున్నా నలుగురు నిలబడి తీర్పు చెబుతారు.

డ్రిల్లుతో మొదటి చిల్లు పడగానే ప్రోష్పర్ కాఫీ కప్పుతో సహా వచ్చాడు. "ఏవోయ్ అల్లుడూ, గొట్టం వీపు వెనకాలా? కర్ర వంగితే మెడ తిప్పి చూస్తావా, గుడ్లగూబలాగా?"

"దాంతో ఇచ్చిన పుస్తకంలో అలాగే ఉంది మావయ్యా."

"ఆ పుస్తకం చేపలు చదివాయా?"

ఆయన వెనకే పడవలు కట్టే యెరె వచ్చాడు. ముసలాయన చేసిన పడవలు ఆ రేవులో సగానికి పైగా ఉన్నాయి. "ముందుకు పెట్టు బాబూ. పక్కన కత్తికో ఒర. లాంతరుకో కొక్కెం. లంగరు తాడుకో కప్పీ. పెట్టేదేదో ఒకేసారి పెట్టెయ్, మళ్ళీ మళ్ళీ చిల్లులెందుకు?"

పెద్దలు చెబుతుంటే కాదనడం స్టిపాన్‌కు రాదు. చిల్లు మీద చిల్లు పడింది. ఒర బిగిస్తుండగా చేతిలోని నట్టు జారి, చిల్లులోంచి కాయక్ కడుపులోకి పోయి గలగలమంది. తిప్పారు, కుదిపారు, బోర్లించారు. అది లోపల హాయిగా తిరిగిందే కానీ బయటికి రాలేదు. తాడుకు అయస్కాంతం కట్టి దించారు. తుప్పు పట్టని ఉక్కు కావాలని స్టిపాన్ అడిగి మరీ కొన్న నట్టు అది, అయస్కాంతాన్ని లెక్కచేయలేదు.

"చెయ్యి పట్టేలా చిల్లు పెద్దది చేద్దాం" అన్నాడు యెరె. అంటూనే చెక్కకు చిల్లులు వేసే తన పాత బర్మా తెచ్చి గొట్టం చిల్లును వెడల్పు చేశాడు. చెయ్యి పట్టలేదు. ఇక గొట్టం కూడా నిలవలేదు, నట్టుకు తోడుగా లోపలికి జారిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. చిల్లులు పూడ్చే బంక కోసం స్టిపాన్ కొట్టుకు పరిగెత్తాడు. పండగని కొట్టు మూసేశారు.

గుండె చిక్కబట్టుకుని కాయక్‌ని నీళ్ళలోకి తోస్తే అది కాసేపు ఆలోచించి ఒక పక్కకు ఒరిగింది.

"కారుతుంది, అంతేగా!" అన్నాడు ప్రోష్పర్ తేలిగ్గా. "రాళ్ళేసి ముంచు. పొద్దుటికి ఉబ్బి మూసుకుంటుంది. నా పడవని ప్రతి వసంతంలో ముంచట్లా?"

"మావయ్యా, ఇది ప్లాస్టిక్ కదా?"

"పడవా, కాదా?"

"పడవే."

"అయితే ఉబ్బుతుంది."

స్టిపాన్ యెరె వైపు చూశాడు. యెరె తల ఊపాడు. గట్టు మీద ఉన్న వాళ్ళందరి తాతలూ ముత్తాతలూ వాళ్ళ వెనక నిలబడి తల ఊపినట్టే అనిపించింది. ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే సందులు మూసుకుంటాయని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కొండ మీంచి వచ్చినవాడు ఏమని వాదిస్తాడు? తన ఒక్కగానొక్క పడవను తన చేత్తోనే ముంచి ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్న రేవంతా అక్కడే ఉంది. స్టిపాన్ భార్య టోంకా బుట్ట పట్టుకుని వచ్చింది. రాళ్ళు తీసి, తాడు కట్టి, కాయక్‌ని ఏటవాలు గట్టు మీదికి లాగారు. ప్రతి చిల్లులోంచీ నీళ్ళు ధారలు కట్టాయి. ఒక్కటీ వెంట్రుకవాసి తగ్గలేదు.

"రాత్రి చాల్లేదేమో" అన్నాడు యెరె.

"మాయదారి సరుకు" అన్నాడు ప్రోష్పర్.

తిలా పాపం తలా పిడికెడు. అయినా మునిగింది స్టిపాన్ ఒక్కడే. పదో ఏడు కూడా జల్లెడ మీద తన చోటు ఖాళీయే. కళ్ళలో నీళ్ళు తిరిగి, అవి ఎవరికీ కనపడకుండా వంగి తాడు విప్పసాగాడు.

అప్పుడు పెద్ద చిల్లులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

ఎర్రగా, తడిగా, తొందర లేకుండా వచ్చి కాయక్ వీపును తడిమింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. ఒకదాని చివర, బొడిపెకు అంటుకుని, నిన్నటి నట్టు మెరుస్తోంది. ఆ చెయ్యి నట్టును స్టిపాన్ మోకాలి పక్కన ఆనించి వదిలేసింది. తర్వాత పిడికిలి పట్టని ఆ చిల్లులోంచి, బుట్టెడంత ఒళ్ళు, పిండి జారినట్టు నిదానంగా జారి బయటపడింది. ఆక్టోపస్. అంతటిది అక్కడెవరూ చూసి ఉండలేదు. వచ్చీ రావడంతోనే నారింజ రంగుకు తిరిగింది, ఆ పడవతో పాటే పుట్టినట్టు.

యెరె టోపీ తీసేశాడు. అదొక కన్ను పైకెత్తి స్టిపాన్‌ని చూసింది.

"పట్టుకో!" టోంకా గుసగుసలాడింది. "బుట్ట బోర్లించెయ్, పట్టుకో!"

బుట్ట అతని చేతికందే దూరంలోనే ఉంది. రేవు ఆచారం ప్రకారం ఎవరి పడవలో దొరికింది వాళ్ళదే. కానీ స్టిపాన్‌కు ఇంకొకటి తోచింది. ఈ పడవ బాగుందనుకున్న ప్రాణి ఇంతవరకు ఇదొక్కటే. ఒక్క ఎత్తిపొడుపు మాట లేకుండా చిల్లులన్నీ చూసి, నచ్చి, కాపురం పెట్టింది. అతను చెయ్యి కదపలేదు.

అది గట్టు మీదుగా పాకి, రాతి రంగు తెచ్చుకుని, తర్వాత నీటి రంగు తెచ్చుకుని, సముద్రంలో కలిసిపోయింది.

స్టిపాన్ తలెత్తి చూస్తే మామగారి చేతిలో బరిసె ఉంది. యాభై ఏళ్ళు ఆక్టోపస్‌లను పొడిచిన చెయ్యి అది.

"మీరైనా పొడవలేదేం మావయ్యా?"

"చెయ్యి రాలేదురా" అన్నాడు ప్రోష్పర్. కొండోడా అనలేదు.

ఆ సాయంత్రం జల్లెడ మీద ప్రోష్పర్ తన చేపల్ని ఒక మూలకు జరిపి, పక్కన జానెడు మేర ఖాళీగా ఉంచాడు. ఎవరో అక్కడ సార్డీన్లు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగాగు. అది మా అల్లుడి చోటు."

"ఏం పెట్టాడక్కడ?"

"పెట్టలేదు, వదిలేశాడు. ఎంతదో తెలుసా?" ఆయన చేతులు చాచాడు. అడిగినవాడు అడిగినప్పుడల్లా ఆ చేతులు ఇంకాస్త చాచుకున్నాయి. చివరికి ఆయన రెండు చేతులూ చాలక, స్టిపాన్‌ని పక్కన నిలబెట్టి అతని చేతులు కూడా చాపించాడు. నిప్పుల వెలుగులో అలా చేతులు చాచి నిలబడి, స్టిపాన్ తొమ్మిదేళ్ళలో మొదటిసారి తన ఊళ్ళో ఉన్నట్టు నవ్వాడు.

సోమవారం పొద్దున్నే ప్రోష్పర్ తలుపు తట్టాడు, తన చెక్క పడవకు కూడా పిడికిలి పట్టనంత చిల్లు ఒకటి పెట్టుకోవాలి, డ్రిల్లు ఒకసారి ఇస్తావా అని.