కంచెకు తగిలించిన అంగీలు

ఆ శనివారం పొద్దున ఆల్డెన్ ప్రాట్ పెట్టుకున్న పని ఒకే ఒక్కటి. లాండ్రీ నుంచి గాయక బృందం వారి నిలువుటంగీలు తెచ్చి చర్చి అల్మారాలో తగిలించడం. ఆ తరువాత ఇంటికి పోయి, కాఫీ కలుపుకుని, పేపరు ముందేసుకుని కూర్చోవడం. మర్నాడు చర్చి పుట్టినరోజు. చుట్టుపక్కల ఊళ్ల సంఘాలవాళ్లు కూడా వస్తున్నారు కాబట్టి, ఏళ్ల తరబడి ఉతుకు ఎరగని ఆ ముదురెరుపు ఉన్ని అంగీలకు ఇప్పుడు యోగం పట్టింది.

హాలోఫోర్డ్ ఒకప్పుడు బట్టల మిల్లుల ఊరు. మిల్లులు పోయాయి, చలి మాత్రం ఉండిపోయింది. ఆ ఊరి యూనిటేరియన్ చర్చి తీరు కొంచెం వేరు. దేవుడు ఒక్కడా, ముగ్గురా, అసలున్నాడా అనేది అక్కడ ఎవరి ఇష్టం వాళ్లది. ఆకలితో వచ్చిన మనిషికి శనివారం సూపు పెట్టాలన్న దాని మీద మాత్రం రెండో మాట లేదు. ఆస్పత్రికి వెళ్లలేని ముసలివాళ్లను కార్లలో తీసుకెళ్లేవాళ్లు, వేరే దేశాల నుంచి కొత్తగా వచ్చినవాళ్ల పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు, జైలు నుంచి బయటపడ్డవాళ్లకు పని వెతికిపెట్టేవాళ్లు ఆ సంఘంలో ఉన్నారు. అన్నీ కమిటీల మీదుగానే జరుగుతాయి. కమిటీ కూర్చోకుండా అక్కడ దీపం కూడా వెలగదు.

చర్చి ముందున్న ఇనుప కంచె కథ హెస్టర్‌తో మొదలైంది. హెస్టర్ ఆల్డెన్ భార్య. ఒక చలికాలం పొద్దున బస్టాపులో వణుకుతున్న మనిషిని చూసి, ఆవిడ తన పాత కోటు తెచ్చి కంచెకు తగిలించి, పక్కన ఒక చెక్క మీద రంగుతో రాసింది: "చలిగా ఉంటే తీసుకోండి. అడగక్కర్లేదు." అప్పటినుంచి మంచు పడే రోజుల్లో ఆ కంచె ఎప్పుడూ బోసిపోలేదు. ఎవరు తీసుకున్నారని ఈ పక్క ఎవరూ చూడరు, ఎవరిచ్చారని ఆ పక్క ఎవరూ అడగరు. "ఇచ్చిన చెయ్యి తిరిగి చూసుకోకూడదు" అనేది హెస్టర్ మాట. సేవా కమిటీకి అదే శాసనం.

హెస్టర్ పోయి రెండో చలికాలం. గాయక బృందంలో రెండో వరసలో చివర నిలబడేది. ఒకసారి కచేరీకి ముందు మెట్ల మేకు తగిలి అంగీ మోచేయి చిరిగితే, ఎర్రదారం అయిపోయిందని పచ్చదారంతో కుట్టేసుకుంది. "దూరానికి కనబడదులే" అంది. చివరి బెంచీ దాకా అందరికీ కనబడింది. ఆవిడ పోయినప్పటినుంచి ఆ అంగీ అల్మారాలోనే ఉంది. కొత్తగా చేరిన గాయనికి అంగీ లేదని తెలిసి ఆల్డెనే అన్నాడు, "హెస్టర్‌ది ఉందిగా, ఎన్నాళ్లని చీకట్లో ఉంటుంది?" అని. రేపు ఆ పచ్చ మోచేయి మళ్లీ రెండో వరసలో నిలబడుతుంది. దానికోసం ఎంతగా ఎదురుచూస్తున్నాడో ఆయన ఎవరికీ చెప్పలేదు.

అంగీలన్నీ కారులోంచి దింపాక గుర్తొచ్చింది, చర్చిలోకి ప్లాస్టిక్ తేకూడదని పర్యావరణ కమిటీ తీర్మానం. లాండ్రీవాడు ఒక్కో అంగీకీ ఒక్కో ప్లాస్టిక్ సంచీ తొడిగాడు. ఆల్డెన్ బుద్ధిమంతుడు. అంగీలను కంచెకు వరసగా తగిలించి, సంచులన్నీ ఒలిచి, ఉండచుట్టి, పెరట్లో చెత్తడబ్బా దగ్గరికి వెళ్లాడు. వంటింటి తలుపులోంచి ఫిలిస్ చూసింది. ఫిలిస్ గుడ్‌నౌ సేవా కమిటీ పెద్ద.

"సమయానికొచ్చావు ఆల్డెన్. ఈ గుండిగ దింపడానికి ఓ చెయ్యి వెయ్యి."

చెయ్యి వేశాడు. వేశాక రుచి చూడమంది. చూశాక ఉప్పు చాలలేదన్నాడు. ఉప్పు వేశాక మళ్లీ చూడమంది. ఆయన వీధివైపు తిరిగొచ్చేసరికి కంచె నున్నగా ఉంది. హెస్టర్ రాసిన చెక్క ఒక్కటే గాలికి ఊగుతోంది.

రోడ్డు మీద వెళ్తున్న బస్సు కిటికీలో ముదురెరుపు రంగు కనబడింది. ఎదురు పేవ్‌మెంటు మీద ఇంకొకాయన, చీలమండల దాకా ఉన్న అంగీ అంచుతో మంచు ఊడుస్తూ, బిషప్పులా నడిచిపోతున్నాడు.

ఆ సమయానికే రిహార్సల్‌కని బృందమంతా దిగింది. గాయకులను నడిపించే మాడ్లిన్ తన లేత గోధుమరంగు కోటును నడవాలోని చక్రాల స్టాండుకు జాగ్రత్తగా తగిలించింది. ఒంటె ఉన్నితో నేసిన ఆ కోటంటే ఆవిడకు ప్రాణం. మిగతావాళ్లూ, ఆల్డెనూ, వంటింట్లోంచి వచ్చినవాళ్లూ తమవి దాని పక్కనే తగిలించారు. సంగతి అప్పుడు చెప్పాడు ఆల్డెన్.

"పోయాయా?" అంది మాడ్లిన్.

"పోలేదు. చేరాయి," అన్నాడు ఆల్డెన్ నిజాయితీగా.

"రేపు నా వాళ్లు ఏం వేసుకుని నిలబడాలి? ఫిలిస్ వంటింటి ఏప్రన్లా?"

"అవీ ఉతికే ఉన్నాయి," అంది ఫిలిస్.

"బస్టాపులో ఇంకా ఒకరిద్దరుంటారు," అన్నాడు ఆల్డెన్. "వెళ్లి మెల్లగా చెబితే..."

"ఏమని చెబుతావు? ఒంటి మీది బట్ట విప్పి ఇమ్మనా?" ఫిలిస్ గొంతు తగ్గించింది. "ఆ చెక్క రాసిందెవరు, ఆల్డెన్?"

ఆయన తరఫున హెస్టర్ ఎప్పుడో జవాబు చెప్పేసింది.

ఇక ఆ చర్చిలో జరగాల్సిందే జరిగింది. అక్కడికక్కడే హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసుకుని సమావేశమయ్యారు. అంగీలు తిరిగి అడగడం ఆ మనుషుల గౌరవానికి దెబ్బ అని ఒకరన్నారు. "అయితే 'అడుగుతున్నాం' అనకుండా 'ఆహ్వానిస్తున్నాం' అందాం" అని ఇంకొకరన్నారు. ఆహ్వానమంటే కేకు ఉంటుందనుకుని వస్తారని మూడో ఆయన అభ్యంతరం. కేకు పెడితే పోలేదా అని నాలుగో ఆవిడ. కేకులో గుడ్డు ఉండొచ్చా అన్న చోట చర్చ కొంచెం పక్కదారి పట్టింది. మాడ్లిన్ గడియారం వైపు చూడటం మానేసి పైకప్పు వైపు చూడసాగింది.

చివరికి ఫిలిస్ దారి చూపింది. ఎవరినీ ఏమీ అడగవద్దు. నేలమాళిగలో విరాళంగా వచ్చిన కోట్లున్నాయి. వాటిలో మందపాటివి ఏరి కంచెకు తగిలిద్దాం. కావలసినవాళ్లు అంగీ వదిలి కోటు తీసుకుంటారు, లేదంటే లేదు. చేతులన్నీ లేచాయి. డ్వైట్ లోపలికి వచ్చింది సరిగ్గా అప్పుడే. కొత్తగా సంఘంలో చేరిన మనిషి. పని చెప్పినవాళ్లకు తానే దణ్ణం పెట్టే రకం.

"డ్వైట్, కోట్లు బయట తగిలించు నాయనా. మంచివి ముందు," అంది ఫిలిస్.

నేలమాళిగ ముచ్చట వినకుండా వచ్చిన డ్వైట్ నడవాలోకి వెళ్లాడు. ఎదురుగా చక్రాల స్టాండు, దాని నిండా కోట్లు. అన్నీ మంచివే. చక్రాలు కూడా ఇందుకే పెట్టారనుకున్నాడు.

లోపల మాడ్లిన్ రెండు పాటలు సాధన చేయించింది. ఎన్నడూ లేనంత బాగా కుదిరాయి. ఆ సంతోషంతో అందరూ నడవాలోకి వచ్చారు. స్టాండు యథాస్థానంలో ఉంది. ఖాళీ హేంగర్లు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తున్నాయి.

వీధి తలుపు తోసుకుని డ్వైట్ వచ్చాడు. ఒంటి మీద చొక్కా ఒక్కటే. ముక్కు ఎర్రబడింది, ముఖం వెలిగిపోతోంది.

"అయిపోయాయండీ. ఒక్కటి మిగల్లేదు. ముసలివాళ్లకు నా చేత్తోనే తొడిగాను. ఇంత మంచి కోట్లు ఎవరిస్తారండీ ఈ రోజుల్లో? మిమ్మల్ని చూసి సిగ్గేసి నాదీ ఇచ్చేశాను."

అందరి కళ్లూ ఖాళీ హేంగర్ల మీదికి వెళ్లాయి.

"అంగీలు ఎన్ని వచ్చాయి?" అంది మాడ్లిన్, ఎంతో నెమ్మదిగా.

"ఒక్కటీ రాలేదండీ. రెండూ కలిపి వేసుకుంటే భలే వెచ్చగా ఉందన్నారు."

"లేత గోధుమరంగుది ఒకటుండాలి."

"అదా? బస్టాపులో ఒకావిడకిచ్చాను. కొలతిచ్చి కుట్టించినట్టు సరిపోయింది."

మాడ్లిన్ బెంచీ మీద కూర్చుంది. ఆ తరువాత ఒక్కొక్కరే అలవాటుగా జేబులు తడుముకోబోయి, జేబులు కూడా వెళ్లిపోయాయని గ్రహించారు. కారు తాళాలు, ఇంటి తాళాలు, కళ్లజోళ్లు, దగ్గు బిళ్లలు, అన్నీ ఊళ్లోకి సేవకు వెళ్లాయి. డ్వైట్‌కు సంగతి అర్థమై, ఎరుపంతా దిగిపోయి తెల్లగా పాలిపోయాడు. గోడకు ఆనుకున్న ఫిలిస్ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని ఆల్డెన్ దగ్గరికెళ్లాడు. ఆవిడ ఏప్రన్‌తో కళ్లొత్తుకుంటూ నవ్వుతోంది.

"ఎప్పుడూ మనకక్కర్లేనివే ఇస్తున్నామని నాకు లోపల గుచ్చుకుంటూ ఉండేది, ఆల్డెన్. ఇవాళ్టితో ఆ బెంగ తీరింది. దిగులుపడకు డ్వైట్. పద, ముందు అందరికీ సూపు పోద్దాం."

ఆల్డెన్ అప్పటికే కిటికీ వైపు చూస్తున్నాడు. బస్టాపులో ఒకావిడ నిలబడి ఉంది. ముదురెరుపు అంగీ. మోచేతి దగ్గర పచ్చగా ఒక గీత. దూరానికి బాగానే కనబడింది.

"కాస్త గాలి పీల్చుకొస్తాను," అన్నాడు.

"ఈ చలిలోనా? స్వెటర్‌తోనా?" అంది మాడ్లిన్. అప్పటికే తలుపు మూసుకుంది.

బస్టాపు దాకా నడిచే లోపల ఆల్డెన్ మనసులో నాలుగు రకాల వాక్యాలు అల్లుకున్నాడు. అన్నింటిలోనూ ఎక్కడో ఒకచోట అడగడం ఉంది. ఆవిడ పక్కన నిలబడేసరికి పళ్లు టకటకలాడుతున్నాయి, వాక్యాలన్నీ మరిచిపోయాడు.

ఆవిడ పేరు ఇవెట్. ఆస్పత్రిలో వార్డులు శుభ్రం చేసే పనిమీద వెళ్తోంది. ఆయనను పైనుంచి కిందికి చూసింది.

"కోటేది పెద్దాయనా?"

"ఇచ్చేశాను. అంటే... ఇచ్చేశారు."

"ఈ వయసులో ఒంటికి కోటు లేకుండా తిరగనిస్తారా ఇంట్లోవాళ్లు?"

"ఇంట్లో ఎవరూ లేరు," అన్నాడు. వెంటనే మాట మార్చాలనిపించింది. "మీ అంగీ బాగుంది."

"బాగుంది కదూ? దుప్పటి కప్పుకున్నట్టుంది. ఇదిగో, ఇక్కడ పచ్చదారం వేశారెవరో. ఎర్రదారం దొరకలేదేమో, పాపం."

"దొరకలేదు," అన్నాడు ఆల్డెన్.

ఇవెట్ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. ఏమీ అడగలేదు. చకచకా బొత్తాలు విప్పి అంగీ తీసేసింది. కింద మాడ్లిన్ కోటు, ఒంటె ఉన్నిది, నిజంగానే కొలతిచ్చి కుట్టించినట్టుంది. అంగీని ఆయన భుజాల మీద వేసి, చిన్నపిల్లవాడికి వేసినట్టు మెడ దాకా బొత్తాలు పెట్టింది.

"వద్దండీ, అది మీదే. మీకిచ్చినది..."

"బోర్డు చదవలేదా? చలిగా ఉంటే తీసుకోండి, అడగక్కర్లేదు. మీకు చలిగా ఉందా లేదా?"

"ఉంది," అన్నాడు ఆల్డెన్. రెండేళ్లలో ఆ మాట ఇంకెవరితోనూ అనలేదని అప్పుడు తట్టింది ఆయనకు.

"మరింకేం. అవునూ, మీరు ఆ చర్చి మనిషేనా? మీ వాళ్లకో మాట చెప్పండి. మీ మూలాన నా బస్సు వెళ్లిపోయిందీ పూట. ఈ కోటు జేబులో తాళాలున్నాయి. కోటు ఇచ్చారు గానీ కారు ఇవ్వలేదు కదా. లోపలికొచ్చి అడుగుదామంటే అడగొద్దని రాశారాయె. నాకే కాదు, అందరికీ అదే తిప్పలు. అందుకని వాళ్లంతా ఏం చేశారో అటు చూడండి."

ఆల్డెన్ పెరటి తలుపు గుండా వచ్చాడు కాబట్టి అప్పటిదాకా కంచెను చూడలేదు. ఇనుప కమ్మీల మొనలకు వరసగా తాళాల గుత్తులు వేలాడుతున్నాయి. వాటి మధ్య రెండు కళ్లజోళ్లు, ఒక దగ్గు బిళ్లల డబ్బా, ఎవరిదో మనవరాలి ఫొటో. గాలికి అవన్నీ ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి. ఆయన ఆ చప్పుడు వింటూ, బుగ్గను అంగీ మెడపట్టీకి ఆనించి నిలబడ్డాడు. లాండ్రీ వాసన తప్ప ఏమీ లేదు. అయినా నిలబడ్డాడు.

తరువాత ఆయనే తన తాళాల గుత్తి వెతుక్కుని, ఇవెట్‌ను కారులో ఆస్పత్రి దగ్గర దింపాడు. ఆమె దిగుతూ మాడ్లిన్ తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. గాయకులు ఎవరి బట్టల్లో వాళ్లు నిలబడ్డారు. రెండో వరస చివర మాత్రం ఒకే ఒక్క ముదురెరుపు అంగీ, పచ్చ మోచేయితో. మాడ్లిన్ నేలమాళిగలో అడుగున మిగిలిన బాతుబొమ్మల కోటులో వచ్చింది. పాట ఎత్తుకునే ముందు కిటికీలోంచి బస్టాపు వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని, చెయ్యెత్తింది. పాట అయ్యాక కాసేపు ఎవరూ దగ్గలేదు. ఆల్డెన్ మాత్రం ముక్కు చీదాడు. జలుబు చేసిందని ఫిలిస్‌తో చెప్పాడు. నిన్న స్వెటర్‌తో తిరిగాడు కాబట్టి ఆవిడ నమ్మింది, లేదా నమ్మినట్టు కనబడింది.

కాఫీ దగ్గర పొరుగూరి సంఘం పెద్ద ఒకాయన మెచ్చుకున్నాడు. "మీ గాయక బృందం చాలా పెద్దదండీ. దారిలో బస్టాపు దగ్గరే నలుగురు అంగీల్లో కనబడ్డారు."

మరుసటి వారం కమిటీ కూర్చుని జరిగినదంతా చర్చించింది. కొత్త నియమం ఒకటే పెట్టుకున్నారు. ఇకమీదట సమావేశాల్లో ఎవరూ కోటు విప్పకూడదు. ఉక్కపోతకు కాబోలు, అప్పటినుంచి ఆ సమావేశాలు పావుగంటలో ముగిసిపోతున్నాయి.