లెస్ గొర్రెలకు సర్కారువారి రక్షణ

వెబ్‌సైట్లను సర్కారు మూసేస్తేనే మనకు కంటినిండా నిద్ర! కాదంటారా? ఓటేసి, పోలింగు జరిగే బడి గేటు దగ్గర కాల్చి అమ్మే మాంసపు సాసేజ్ తిని ఇంటికొచ్చాక, ఏది చూడాలో ఏది చూడకూడదో ఆలోచించే పని ఇంకా మనకెందుకండీ?

నమ్మకపోతే మన ఆస్ట్రేలియాలోనే, క్వీన్స్‌లాండ్ పడమటి కొసన గొర్రెలు పెంచుకునే లెస్ ట్రెంబాత్‌ను అడగండి.

లెస్‌కు ఒక దురలవాటు ఉండేది. తెల్లారగానే టీ కప్పు పట్టుకుని ఫోన్‌లో ఏటి నీటిమట్టం చూసేవాడు. అక్కడ వరద వానతో రాదు. ఎక్కడో ఎగువన కురిసిన నీళ్లు రోజుల తరబడి నడిచి, నీలాకాశం కింద, దుమ్ము లేస్తుండగానే వాకిట్లోకి వస్తాయి. అందుకని ఎగువ వంతెన దగ్గరుండే డాఫ్నీ అనే ముసలమ్మ నీరెంత ఎక్కిందో ఒక వెబ్ పేజీలో రాసేది. బ్రహ్మచెవుడు కనుక ఆవిడకు ఫోన్ చేసి లాభం లేదు. ఆ పేజీ చూసే దిగువవాళ్లు మందలను మెరకకు తోలేవారు.

ఎంత బెంగతో కూడిన బతుకో చూడండి!

ఆ బెంగను సర్కారు ఒక్క దెబ్బతో తీర్చింది. ఏదో దొంగ పెట్టుబడుల సైటును మూయబోయి, అదే కంప్యూటర్‌లో కాపురముంటున్న సైట్లన్నిటినీ మూసింది. ఎలుక దూరిందని కొంప తగలబెడితే ఎలుక చావదా మరి?

డాఫ్నీ పేజీ తెరిస్తే, “మీ రక్షణ కోసం నిలిపివేయడమైనది” అని వచ్చింది. లెస్ సైట్లు మూసే సర్కారు ఆఫీసుకు ఫోన్ చేశాడు.

“మా ఏటి పేజీ ఎందుకు మూశారమ్మా?”

“మూశామో లేదో చెప్పకూడదండీ. రహస్యం.”

“మూసినట్టు నా ఫోనే చెబుతోంది కదే తల్లీ!”

“ఆ సంగతి మీకెలా తెలిసిందండీ?” అమ్మాయి గొంతులో అనుమానం.

“నా గొర్రెలు పల్లంలో ఉన్నాయమ్మా! ఏరు వస్తోందో లేదో ఎట్లా తెలుసుకోను?”

“ఇంటర్నెట్‌లో చూసుకోండి సర్.”

చూశారా, ఎంత మర్యాదో! సర్ అంది!

భార్య నోలీన్ ఆకాశం కేసి చూసింది. “అద్దంలా ఉంది కదయ్యా! ఊరికే మెరకకు తోలితే అక్కడ రాళ్లు మేస్తాయా నీ గొర్రెలు? ఇంకో రెండ్రోజులు చూద్దాం.”

చూశారు. ఏరు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా తెల్లవారుజామున వచ్చేసింది. పొట్టేళ్లు ఉన్ని కత్తిరించే కొట్టం రేకుల మీదికెక్కి, పార్లమెంటు సభ్యుల్లా గంభీరంగా కూర్చున్నాయి. ఈనిన గొర్రెలు ఎక్కలేక నీళ్లలో కొట్టుకుపోయాయి. వాటి వెనకే పిల్లలూ పోయాయి.

నీరు తీశాక పేజీ తెరుచుకుంది. పొరపాటు జరిగిందని ఎవరూ అనలేదు. జరిగిందో లేదో, అదీ రహస్యమే కాబోలు! పేజీలో ఏరు రాకముందు డాఫ్నీ రాసిన రాత అలాగే ఉంది. నోలీన్ పైకి చదివింది.

“లెస్, నీళ్లు వంతెన దాటాయిరా. ఈనిన గొర్రెలు పల్లంలోనే ఉన్నాయా? ఇవాళే తోలు నాయనా. రేపనకు.”

లెస్ ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ పేజీ మూసేశాడు. ఈసారి సర్కారు సాయం అక్కర్లేకపోయింది.