చూసే రోడ్డు, తగిలే రోడ్డు

మా వీధి రోడ్డు మరమ్మతు నిన్న సాయంత్రం దిగ్విజయంగా పూర్తయిందని వీధివాసులందరి తరఫునా సంతోషంగా తెలియజేస్తున్నాను. ఇందుకు ఒక్క తట్ట కంకర ఖర్చు కాలేదు. రోలరు రాలేదు, తారు కాగలేదు, ఎవరి చొక్కా మాయలేదు. పనంతా మా అన్నకొడుకు కుర్చీలో కూర్చునే చేశాడు.

వాడు మా ఇంటి మేధావి. వాడి ఈడువాళ్ళు ఉద్యోగాల్లో, సంసారాల్లో కొట్టుకుపోతుంటే వీడు మాత్రం ఓ పాత కంప్యూటర్ ముందు కూర్చుని, అంతకంటే పాత కార్ల రేసు ఆట పొట్ట కోస్తుంటాడు. ఆ ఆట చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందులో కార్లూ రోడ్లూ ఏ లెక్కన రాసిపెట్టారో చెప్పే నాథుడు లేడు. ఫైలు తెరిస్తే వరసగా అంకెలు, అంతే. వీడు ఒక అంకె మార్చి, ఆట నడిపి, ఏం చెడిందో చూసి, ఆ అంకె దేనిదో కనిపెడతాడు. అలా ఒకసారి కారు చక్రాలు పైకప్పు మీదికొచ్చాయి. ఒకసారి పందెం చూడ్డానికొచ్చిన జనమంతా రోడ్డుమీద పడుకున్నారు. ఇంకోసారి ఆకాశం రోడ్డు కిందికి పోయింది. ఇలా ఒక్కోటీ చెడగొట్టుకుంటూ చివరికి రోడ్లు వేయడం నేర్చాడు. వేసిన మొదటి రోడ్డు మా వీధే. గుంతల్ని టేపు పెట్టి కొలిచి మరీ దించాడు.

ఇందులో మా వదిన స్వార్థం ఉంది. ఆవిడ స్కూటర్ మీద బేకరీకి గుడ్లు చేరవేస్తుంది. గుంతల్లో పడి లేచేసరికి ట్రేల్లో సగం సొనే. "ఇంకొక్కసారి పగిలినవి తెచ్చావంటే వేరేవాళ్ళని చూసుకుంటానమ్మా" అని బేకరీ ఆయన తేల్చేశాడు. ఆ ఒక్క బేకరీ మీదే ఇల్లు నడుస్తోంది. వార్డు మెంబరుగారిని వచ్చి చూడమందామంటే, ప్రారంభోత్సవం లేని చోటికి ఆయన వెళ్ళరు. అది వారి నియమం.

"ఆయన రోడ్డు దగ్గరికి రాకపోతే రోడ్డునే ఆయన దగ్గరికి మోసుకుపోదాం, పద మరిదీ" అంది వదిన.

కంప్యూటర్ని ఆయనింటికి మోసుకుపోయాం. మెంబరుగారు ఉత్సాహంగా మా వీధిలోకి కారు తోలారు. రెండో గుంతలోనే బోర్లా పడ్డారు.

"నా వార్డులో ఇంత ఘోరమా!" అని చలించిపోయారు. "వారంలోగా బాగుచేయాలి. నేనే వచ్చి ప్రారంభిస్తా."

వదిన కళ్ళు తుడుచుకుంది. మెంబరుగారు మావాడి భుజం తట్టి, "ఏం బాబూ, వారం సరిపోతుందా నీకు?" అన్నారు. వదిన పైట చెంగు అలాగే కళ్ళ దగ్గర ఉండిపోయింది.

ఇంటికొచ్చాక మావాడు తల పట్టుకున్నాడు. "ఒక్కో రోడ్డుకీ రెండు ఫైళ్ళుంటాయి బాబాయ్. ఒకటి మనం చూసే రోడ్డు. ఇంకోటి చక్రానికి తగిలే రోడ్డు. చక్రానికి బొమ్మతో పనిలేదు. రెండూ మార్చాలి."

వినగానే నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. "చూసేది నున్నగా చేసెయ్. తగిలేది ముట్టుకోకు. అంతమందిలో పల్టీ కొడితే సిగ్గుతోనైనా కంకర తోలిస్తాడు."

"తంతారు బాబాయ్."

"తంతే నన్ను తంతార్లేరా."

నిన్న వీధి మొదట్లో పెద్ద తెర కట్టారు. జనం గుంతలు తప్పించుకుంటూ కుర్చీలు వేసుకున్నారు. మెంబరుగారు తెరకు కట్టిన రిబ్బను కత్తిరించి కారెక్కారు. తెరమీద రోడ్డు తళతళలాడుతోంది. అంత నున్నటి రోడ్డుమీద కారు ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, మూడు పల్టీలు కొట్టి, దర్జీ కొట్లోకి దూరింది. నేను నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

మెంబరుగారు మైకందుకున్నారు. "సోదరులారా! రోడ్డెలా ఉందో మీరే కళ్ళారా చూస్తున్నారు. అద్దంలా ఉంది. అలాంటి రోడ్డుమీద కారు పడిందంటే తప్పెవరిది? తోలేవాడిది! నా తప్పు నేను ఒప్పుకుంటున్నా. మన రోడ్లు ఎదిగాయి. ఇక ఎదగాల్సింది మనమే!"

తప్పు ఒప్పుకునే నాయకుణ్ణి మావాళ్ళు ఎన్నడూ చూసినవాళ్ళు కారు. చప్పట్లు ఆగలేదు. అందరూ కొడుతుంటే నా చేతులూ ఊరుకోలేదు. తర్వాత జనం వరస కట్టి ఒక్కొక్కరే తోలారు, ఒక్కొక్కరే పడ్డారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న బస్సు డ్రైవరు కూడా తల గోక్కుంటూ దిగాడు. "ఇంత మంచి రోడ్డు మీద అలవాటు లేదండీ."

ఈ ఉదయం వదిన గుడ్లు పట్టుకెళ్ళింది. సగం సొన.

"రోడ్డు అంత బాగుపడ్డాక కూడా పగిలాయంటే, లోపం నీ చేతిలోనే ఉందమ్మా" అని బేకరీ ఆయన ట్రేలు వెనక్కి పంపేశాడు. రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. నిన్న వరసలో నిలబడి పల్టీలు కొట్టినవాళ్ళలో ఆయనా ఉన్నాడు.

ఆలోగా మావాడు రెండు ఫైళ్ళ గుట్టు కక్కేశాడు. మధ్యాహ్నానికల్లా వీధంతా కలిసి మెంబరుగారికి అర్జీ రాసింది. కంకర కోసమనుకునేరు. ఆటలో తగిలే రోడ్డు కూడా నున్నగా చేయించమని. అస్తమానం పల్టీలు కొడుతుంటే పిల్లల ముందు పరువు పోతోందట. గుంతలు దాటుకుంటూ ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకున్నారు. నేనూ పెట్టాను. నిజం చెప్పొద్దూ, నాకూ మూడో మలుపు దాటడం రావట్లేదు.

వదిన మాత్రం పెట్టలేదు. చేతుల నిండా సొన అంది.