ఇద్దరు సాక్షులు కావలెను

ఇనుప సామాన్ల కొట్టు పెద్దాయన ఆ ఉదయం వేసుకున్న లెక్క చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి వీలునామా మీద సంతకాలు, పదింటికి కొట్టు షట్టరు. ఇల్లు భార్యకి. కొట్టు, వెనక గోడౌను, సరుకు తోలే వ్యానుతో సహా మిగిలినదంతా కూతురికి. పన్నెండేళ్లుగా వ్యాపారం నడుపుతున్నది ఆమే. ఆ మూడింట్లో ఏ ఒక్కటి చేయి జారినా మిగతా రెండూ తుక్కు కిందే లెక్క.

"ఇద్దరు సాక్షుల ముందు మీరు సంతకం పెట్టాలి, మీ ముందు వాళ్లు పెట్టాలి. వాటా ఉన్నవాళ్లని మాత్రం సాక్షులుగా పిలవకండి," అన్నాడు లాయరు. ఇద్దరు మనుషులు దొరకరా అనుకున్నాడు పెద్దాయన.

మొదట బావమరిదిని పిలిచాడు. అతను కాగితాన్ని రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి చూశాడు.

"రెండో పేజీ ఏది బావా?"

"లేదు. అంతే."

"అంతేనా! ముప్ఫై ఏళ్లు నీ వెనకాల తిరిగితే, చివరికి సంతకానికి పనికొచ్చానన్నమాట."

లోపల నుంచి భార్య దగ్గింది. ఆ దగ్గు జలుబుది కాదని పెద్దాయనకు తెలుసు. వ్యాను బావమరిదికి రాశాడు. అతను సంతోషంగా కలం అందుకోబోతే లాక్కున్నాడు.

"నువ్వు పెట్టకూడదు. ఇంటికెళ్లు."

తర్వాత పక్క కొట్టు దర్జీ వచ్చాడు. వ్యాను సంగతి అతనికంటే ముందే వీధంతా తిరిగొచ్చింది.

"అన్నా, మీ గోడౌనుకీ నా కొట్టుకీ గోడ ఒక్కటే. వాన పడితే రెండూ కలిసే కారతాయి. ఆ మాత్రం బంధుత్వం లేదా మనకి?"

గోడౌను దర్జీకి వెళ్లింది. దాంతో ఆ సంతకమూ పోయింది.

మూడో మనిషి ఎదురింటి రిటైర్డు లెక్కల మాస్టారు. ఆయన ముందు రెండు అక్షర దోషాలు దిద్దారు.

"నాకు ఆస్తి మీద ఆశ లేదండీ. కాకపోతే మీ కొట్టు దగ్గర బెంచీ మీద రోజూ పేపరు చదువుకుంటాను. ఆ బెంచీ, అది వేసిన జాగా నా పేర రాస్తే చాలు."

బెంచీ వేసింది సరిగ్గా గుమ్మంలో.

మధ్యాహ్నం కూతురు వచ్చి కాగితం చదివింది. ఇప్పుడది మూడు పేజీలు.

"వ్యాను మామయ్యకి, గోడౌను దర్జీ బాబాయికి, గుమ్మం మాస్టారికి. నేను లోపలికి ఎటునుంచి రావాలి నాన్నా?"

"సాక్షులు దొరకడం లేదమ్మా."

"ఇంకో ఇద్దర్ని అడిగి చూడు. ఆ తర్వాత సాక్షిగా నేనే పనికొస్తాను."

ఆమె లాయరుకి ఫోన్ చేసింది.

"వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం పెడితే వీలునామా చెల్లదా సార్?"

"వీలునామాకి ఢోకా లేదమ్మా. సంతకం పెట్టినవాళ్లకి రాసినదే చెల్లదు. అది మళ్లీ మీకే వస్తుంది. అందుకే వాళ్లని పిలవద్దన్నాను."

కూతురు ఫోన్ పెట్టేసి ముగ్గురినీ పిలిపించింది.

"మీకు రాసినవి చూసుకున్నారుగా. సంతకాలే మిగిలాయి. ఇద్దరుంటే చాలు."

"నేను పెట్టాల్సిందే. రేపు కాదంటే నాకు ఆధారమేది?" అన్నాడు దర్జీ.

"ముందు నేను! సొంత బావమరిదిని," అన్నాడు బావమరిది.

మాస్టారు అప్పటికే సొంత కలం మూత తీశారు.

పెద్దాయన కూతుర్ని పక్కకు లాగాడు. "పాపం, చెప్పేద్దామా?"

"అడిగితే చెబుదాం నాన్నా."

ఎవరూ అడగలేదు. పెద్దాయన అందరి ముందూ సంతకం పెట్టాడు. ఆయన ముందు ముగ్గురూ వరసగా పెట్టారు. మాస్టారు తేదీతో పాటు టైమూ వేశారు. వ్యాను, గోడౌను, గుమ్మం మూడు సంతకాలతో తిరిగి కొట్టుకి చేరాయి. అరవై ఎనిమిదేళ్లలో తాను చేసిన బేరాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అనుకున్నాడు పెద్దాయన.

వెళ్తూ వెళ్తూ సాక్షులు ముగ్గురూ ఆయన బీపీ ఎంతుందో ఎంతో ఆప్యాయంగా వాకబు చేశారు.