ఎల్లస్వామి ఎర్ర అట్ట

పంతొమ్మిది వందల తొంభై ఆరు, మే నెలలో ఒక ఆదివారం. ఆ ఉదయం పాల్వంచ థర్మల్ క్వార్టర్లలో సమ్మక్క వేసుకున్న పథకం ఎంత సాదాసీదాగా ఉన్నదంటే, అందులో చెడిపోవడానికి తగిన భాగమేదీ పైకి కనబడదు. పది గంటలకు వెంకటరామారావు గారి కంప్యూటర్ సెంటరుకు వెళ్లడం, దరఖాస్తు ఫారంలో ఒక గడిలో గుర్తు పెట్టడం, యంత్రం మీద పావుగంట ప్రవేశ పరీక్ష ఇవ్వడం, ఇంటికి వచ్చి అన్నం తినడం. అంతే.

చిక్కంతా ఆ గడి దగ్గరే ఉంది. ఫారంలో గడులు మూడు: ప్రోగ్రామింగ్, హార్డ్‌వేర్, ఆఫీసు పని. ఒక్కదానిలోనే గుర్తు పెట్టాలి; కొట్టివేతలు చెల్లవు. కంప్యూటర్ల రంగంలో అడుగుపెట్టేవారికి మొదటి సర్టిఫికెట్ ఏది మంచిదన్న విషయంలో, అప్పటికి కంప్యూటర్‌ను కంటితో చూడనివారందరికీ ఆ క్వార్టర్లలో దృఢమైన అభిప్రాయాలు ఉన్నాయి. బి.ఎస్సీ. పూర్తిచేసిన సమ్మక్కకు మాత్రం ఆ పెట్టె మూత విప్పి లోపల ఏముందో చూడాలని కోరిక. తండ్రి ఎల్లస్వామి థర్మల్ కేంద్రంలో ఎలక్ట్రీషియన్. ముందురోజే ఆయన తన మాట చెప్పేశాడు.

"హార్డ్‌వేరా? ముప్ఫై ఏండ్ల సంది నేను పట్టిన స్క్రూడ్రైవర్ సాలదా? నువ్వన్న కుర్సీల కూసొని చేసే పని చూసుకో."

"అది గూడ కూసొనే చేస్తరు నాయినా."

"నేను గూడ గట్లనే అనుకొని చేరిన. మోటార్ల కింద పండుకొని చేసిన. ఇంకో మాట, ఈసారి సీటు రాకుంటే సప్పుడు చెయ్యకుండ బీఎడ్‌కు పోవాలె."

ఇక్కడ ఎర్ర అట్ట సంగతి చెప్పక తప్పదు. థర్మల్ కేంద్రంలో ఏ యంత్రానికి మరమ్మతు చేయవలసి వచ్చినా, దాని స్విచ్ ఆపి, పనిచేసే మనిషి తన పేరుతో ఒక ఎర్ర అట్ట తగిలిస్తాడు: 'మనుషులు పనిచేస్తున్నారు. స్విచ్ వేయరాదు.' తగిలించినవాడే దాన్ని తీయాలి. ఎంతటి అధికారి అయినా వేలు పెట్టకూడదు. అట్టకు అవతలి కొసన ఒక ప్రాణం ఉన్నట్టు లెక్క. క్వార్టర్లలో పిల్లలు ఈ నియమాన్ని ఎక్కాలకంటే ముందు నేర్చుకుంటారు. సమ్మక్క తల్లి అనంతమ్మ ఒకసారి కొత్త ఆవకాయ జాడీకి అలాంటి అట్ట తగిలించి పుట్టింటికి పోతే, ఆమె తిరిగి వచ్చేదాకా ఎల్లస్వామి నాలుగు రోజులు మజ్జిగన్నమే తిన్నాడు.

ఆ ఆదివారం ఆరింటికి డ్యూటీ దిగిన ఎల్లస్వామి, కారేపల్లిలో మేనల్లుడి పెళ్లికి పోతూ, బిడ్డ చదవబోయే చోటు ఎట్లా ఉందో చూద్దామని ఎనిమిదింటికి సెంటరులో ఆగాడు. అప్పటికి అక్కడ ఉన్నది ఊడ్చే ముత్తక్క ఒక్కతే. ఆయన ఒక కంప్యూటర్ వెనక చెయ్యి ఆనించాడు, చెయ్యి జిల్లుమంది. వెంటనే మెయిన్ స్విచ్ దించి, జేబులో ఎప్పుడూ ఉండే ఎర్ర అట్ట తగిలించాడు. బయట బస్సు హారన్ మోగింది. "నేనచ్చిందాక ఎవ్వలు ముట్టొద్దని చెప్పు, ముత్తక్కా!" అని పరుగెత్తి బస్సెక్కాడు. ముత్తక్క కూడా ఊడ్చిన చెత్త పారబోయడానికి బయటికి నడిచింది, మధ్యలో టీ కొట్టు దగ్గర ఆగింది.

పది గంటలకు హైదరాబాదు నుంచి పరీక్షాధికారి నిర్మలాదేవి గారు దిగారు. ఇరవై ఇద్దరు అభ్యర్థులు వచ్చారు. వెంకటరామారావు గారు ఫ్యాను తిరగడం లేదని మెయిన్ స్విచ్ మీదికి చెయ్యి చాచారు.

"సార్, ముట్టొద్దు!" అని ఇరవై ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.

ఆయన సత్తుపల్లి వైపు నుంచి వచ్చినవారు. థర్మల్ మర్యాదలు తెలియవు. "ఏంటిది? నా సెంటరు, నా స్విచ్చి, నేను ముట్టుకోకూడదా?"

"అట్ట ఉన్నది సార్," అన్నాడు కొడుకును దింపడానికి వచ్చిన లచ్చిరాం. ఆయన ఎల్లస్వామితోపాటే పనిచేసే మనిషి. వెళ్లి స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఎల్లస్వామన్న అట్ట. అన్ననే తియ్యాలె."

"పోనీ మీరూ ఎలక్ట్రీషియనేగా, మీరు తియ్యండి!"

"నౌకరీ పోయినా తియ్య సార్."

సమ్మక్క ఆ అట్ట మీద తండ్రి వంకర సంతకం చూసింది. ఆమెకు తోచిన కారణం ఒక్కటే: తాను హార్డ్‌వేర్ అన్నందుకు తండ్రి పరీక్షనే ఆపేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నాయిన కారేపల్లి పెండ్లికి పోయిండు. పొద్దుగూకితేగాని రాడు," అని మాత్రం చెప్పగలిగింది.

"నాకు సాయంత్రం ఐదింటికి బయలుదేరక తప్పదు," అన్నారు నిర్మలాదేవి గారు. "పరీక్ష లేకపోతే ఈ ఏడాదికి సీట్లు లేవు. ఈలోపల ఫారాలైనా నింపి ఇవ్వండి."

వెంకటరామారావు గారు తన దగ్గర పనిచేసే భీమ్లాను సైకిలెక్కించి, అట్ట తీయడానికి ఎవరినైనా పంపమని థర్మల్ గేటుకు తోలారు. భీమ్లా మాటల పొదుపు గల మనిషి. గేటు దగ్గర చెప్పింది ఇంతే: "ఎల్లస్వామి అట్ట ఉన్నది. ఎల్లస్వామి లేడు."

ఈ మాటల్లో అబద్ధం ఇసుమంతైనా లేదు. అయితే ఆ గేటు లోపల ఈ మాటలకు ఒకే అర్థం ఉంది: మనిషి యంత్రంలో ఉండిపోయాడు. షిఫ్టు పెద్ద వెంకన్న వెంటనే మనుషులను లెక్కపెట్టించాడు. ఎల్లస్వామి ఆరింటికే గేటు దాటినట్టు పుస్తకంలో ఉంది. "సంతకం పెట్టినంక మల్ల లోపలికి పోయిండేమో," అన్నాడొకడు. ఆ 'ఏమో' గేటు దాటేసరికి రాలిపోయింది. పావుగంటలో అనంతమ్మ గుమ్మం ముందు వెంకన్న, భీమ్లాతో సహా నలభై మంది ఉన్నారు.

"ధైర్నం తెచ్చుకో అక్కా," అంది పక్కింటి గురవమ్మ ముక్కు చీదుతూ.

"దేనికే? ఆయన పెండ్లికి పోయిండు."

"అయ్యో, మతి తప్పి ఏదేదో మాట్లాడుతున్నది!"

"మతి నీకు తప్పింది! కొత్త తెల్లంగి వేసుకొని పోయిండు. బాయిలర్లకు ఎవడన్న తెల్లంగి వేసుకొని పోతడా?"

ఈ తర్కానికి వెంకన్న తలవంచాడు. అట్ట ఎక్కడుందని భీమ్లాను అప్పుడడిగి, కంప్యూటర్ సెంటరులోనని తెలుసుకొని, కారేపల్లికి జీపు పంపాడు. అనంతమ్మ, ఆమె వెనక ఆ నలభై మంది, తిన్నగా సెంటరుకు నడిచారు.

అక్కడ సమ్మక్క చాలాసేపు కలం పట్టుకొని కూర్చుంది. తండ్రితో పంతం పట్టి బీఎడ్‌కు పోవడం కంటే, తండ్రి మాట విని కంప్యూటర్ దగ్గరికి చేరడం నయమనిపించింది. ప్రోగ్రామింగ్ గడిలో సిరాతో గుర్తు పెట్టి ఫారం ఇచ్చేసింది. నిర్మలాదేవి గారు దాన్ని సంచిలో పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడు ముత్తక్క టీ కొట్టు నుంచి తిరిగివచ్చింది.

"ఏమైంది బిడ్డా, ఇంతమంది? మీ నాయిన పొద్దున ఆ పెట్టె ముట్టుకొని చెయ్యి గుంజుకున్నడు. ఎవ్వలు ముట్టొద్దన్నడు. చెప్పుదామంటే ఎవ్వలు లేకుంటిరి."

సమ్మక్క లేచి నిలబడింది. అంటే నాయిన ఆపింది తనను కాదు! షాకు కొట్టిందంటే ఎర్తు తీగ ఎక్కడో ఊడి ఉండాలి. బోర్డు నుంచి గోడ వెంట దిగిన తీగను పట్టుకొని వెనక పెరట్లోకి వెళ్లింది. భూమిలోకి దింపిన ఎర్తు పైపుకు ముత్తక్క మేక కట్టేసి ఉంది. అది గుంజిన గుంజుడుకు తీగ ఊడి పక్కన వేలాడుతోంది. సమ్మక్క మేకను విప్పింది, లచ్చిరాం దగ్గర కటింగు ప్లయరు అడిగి తీసుకుంది, తీగ కొస గీకి, మెలిపెట్టి బోల్టు బిగించింది, ఎర్తు బాగా పట్టాలని పైపు చుట్టూ ఎండకు బీటలిచ్చిన గుంతలో రెండు బిందెల నీళ్లు పోసింది. తెల్ల సల్వారు మోకాళ్లదాకా మట్టి. నిర్మలాదేవి గారు వాకిట్లో నిలబడి అంతా చూశారు.

"అయిపోయిందిగా, ఇక స్విచ్చి వెయ్యనా?" అన్నారు వెంకటరామారావు గారు.

"అట్ట ఉన్నది సార్," అన్నాడు లచ్చిరాం, వీపు కదల్చకుండా.

మూడున్నరకు జీపు వచ్చింది. దాని డ్రైవరు పెళ్లిపందిట్లో చెప్పిన మాటలు ఐదే: "మీ బిడ్డ సెంటర్ల కరెంటు లొల్లి." ఆ ఐదు మాటలతో ఎల్లస్వామి రెండు గంటల ప్రయాణం చేశాడు. తలమీద అక్షింతలతో, చేతిలో సగం తిన్న లడ్డూతో దిగి, జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చి, మట్టికొట్టుకున్న బిడ్డను చూసి గోడకు ఆనుకున్నాడు.

"బతికున్నవా?"

"నేను బతికే ఉన్న. నువ్వే బాయిలర్ల సచ్చినవంటున్నరు."

ఆయన పెరట్లోకి వెళ్లి ఆ తీగను ఒకసారి లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. రాలేదు. "ఎవలు కట్టిన్రిది?"

"నేనే."

ఎల్లస్వామి లడ్డూ ఆమె చేతిలో పెట్టి, వచ్చి అట్ట తీసి స్విచ్ వేశాడు. పావుగంట పరీక్షను నాలుగు నిమిషాలకు కుదించి, ఐదు యంత్రాల మీద ఇరవై ఇద్దరినీ ముగించారు. ఎల్లస్వామి చేతులు కట్టుకొని నిర్మలాదేవి గారి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మా బిడ్డకు హార్డ్‌వేర్ రాయండి."

"ప్రోగ్రామింగ్ అని ఆమే గుర్తు పెట్టిందండి."

ఎల్లస్వామి కూతురి వైపు తిరిగాడు. "గదెందుకు పెట్టినవే?"

"నువ్వే కద నాయినా, స్క్రూడ్రైవర్ పట్టొద్దంటివి?"

"గది నిన్నటి మాట!"

"సిరాతో పెట్టిన గుర్తు మార్చడానికి లేదు. విడి ఫారాలూ లేవు," అన్నారు నిర్మలాదేవి గారు. సంచి భుజానికి తగిలించుకోబోతూ, కళ్లజోడు పెట్టుకోవడానికి ఒక్క క్షణం బల్ల మీద పెట్టారు.

ఎల్లస్వామి జేబులోంచి ఎర్ర అట్ట తీసి సంచి పిడికి తగిలించాడు.

లచ్చిరాం వచ్చి బల్లకు వీపు ఆనించాడు. ఆమె సామాను థర్మల్ జీపులో పెట్టడానికి వచ్చిన డ్రైవరు అట్టను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నలభై మంది జనం వాకిలికి అడ్డంగా నిలబడ్డారు. నిర్మలాదేవి గారు వెంకటరామారావు గారి వైపు చూశారు.

"నా వైపు చూడకండమ్మా," అన్నారాయన. "పొద్దున్నించీ నేను అర్థం చేసుకున్నది ఇదొక్కటే."

నాలుగు యాభైకి అట్ట తీయడం, సంచి తెరవడం, అడుగున ఒక ఖాళీ ఫారం ఉన్నట్టు నిర్మలాదేవి గారికి గుర్తుకు రావడం వరుసగా జరిగాయి.

ఆరు నెలల తర్వాత సమ్మక్కకు హార్డ్‌వేర్ సర్టిఫికెట్ వచ్చింది. ఎల్లస్వామి దానికి పటం కట్టించి ముందు గదిలో తగిలించాడు. అదే మేకుకు ఎర్ర అట్ట కూడా తగిలించాడు. అప్పటినుంచి ఆ పటం దుమ్ము దులిపినవారు లేరు.