చాప పట్టినంత చోటు

ఆ ఉదయం ఆకాశం బాగా మబ్బు పట్టి, కురవడానికి పైవారి ఉత్తర్వుల కోసం ఎదురుచూస్తున్నట్టుంది. ఆ మబ్బు కిందే, మా పక్కింటి లిఫ్టుల మెకానిక్కు గారు కూతురికి కొన్న పియానో లారీ దిగింది.

ఆయన ఉత్తమ తండ్రి అని మా వీధి ఏకగ్రీవంగా తీర్మానించి చాలా కాలమైంది. పిల్ల "నాన్నా, నాతో ఆడుకో" అన్న మర్నాడే ఆటల గుడారం వచ్చింది. "కథ చెప్పవా" అంటే, మీట నొక్కితే కథలు చెప్పే ఎలుగుబంటి వచ్చింది. నర్సుగా చేసే తల్లి కూడా తక్కువ తినలేదు. "జడ వెయ్యమ్మా" అన్నందుకు నిలువుటద్దం, దువ్వెనల పెట్టెతో సహా దిగుమతి చేసింది. జడ మాత్రం ఎప్పటిలాగే నాయనమ్మ వేసింది.

కొన్నాళ్ళకు పిల్ల చిన్న వస్తువులడగడం మానేసింది. జారుడుబల్ల అడిగింది, ముందుగది పోయింది. ఉయ్యాల మంచం అడిగింది, పడకగది పోయింది. బొమ్మరిల్లు కోసం భోజనాల బల్లను వీధి పాలు చేశారు.

గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకున్నవి మావే.

"ఏమే, ఆ పియానో నీకు వాయించడమొచ్చా?" అంది నాయనమ్మ.

"రాదు."

"మరెందుకే, గడుగ్గాయీ?"

"అదొస్తే నాన్న గదిలో నాన్న పట్టడు కదా!"

నాయనమ్మ నవ్వాపుకోలేక దగ్గింది.

తలుపు చట్రం పీకి పియానోను లోపలికి తోశారు. మేమందరం తలో చెయ్యీ వేశాం. సాయంత్రానికి ఆ ఇంట్లో మిగిలింది వంటింట్లో చాప పట్టినంత చోటు. ఎవరి గదిలో వారు, ఎవరి ఫోను వారు చూసుకుంటూ తినే సదుపాయం ఆ విధంగా రద్దయింది. నలుగురూ మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు.

"నాన్నా, నా పన్ను కదులుతోంది, చూడు! అమ్మా, నువ్వూ చూడు!" పిల్ల నోరు మూతపడలేదు.

తండ్రి చూశాడు. కళ్ళు చెమర్చాయి.

"నా తల్లి ఇంత ఇరుకులో పెరుగుతోందా! లాభం లేదు. రేపట్నుంచి రాత్రి డ్యూటీ కూడా ఒప్పుకుంటా. పెద్ద ఇల్లు కొనేద్దాం. తలా ఒక గది!"

"నేనూ ఆదివారాలు వెళ్తా," అంది తల్లి.

కిటికీలోంచి చూస్తున్న మేం చప్పట్లు కొట్టాం. మా పిల్లలు గుర్తొచ్చి సిగ్గేసింది. పాపం, వాళ్ళింకా మాతో ఒకే గదిలో మగ్గుతున్నారు.

లోపల పిల్ల నోరు మూసుకుంది. నాయనమ్మ వడ్డించింది. నలుగురూ తిన్నారు. పిల్ల మోకాలు మాత్రం తండ్రి మోకాలి మీంచి తియ్యలేదు.